ఎడమచేతి ముడులు

మార్గశిర మాసము. తూర్పు సముద్రమునకు క్రోసెడు దూరమున ఇసుకతిన్నెల నడుమ నొదిగియున్న మొగిలిదొరువు గ్రామముపై మంచు పలుచని నూలుదుప్పటివలె పరచుకొనియుండ మొగలిపొదల చాటునుండి వెలువడిన బాలభానుని లేతకిరణములు ఆకుతోటలలోని అవిసెచెట్ల తుదకొమ్మలను మున్ముందుగ తాకి పిదప మెల్లమెల్లగ దిగివచ్చుచు తమలపాకుల యంచులం దూగులాడు తుషారబిందువుల నొక్కొక్కదానినే వెలిగించుచుండెను. దొరువులనగా ఆ ప్రాంతమున ఇసుకనేలను నిలువులోతు త్రవ్వి తీర్చిన దిగుడుగుంటలు. సముద్రము చెంతనే యుండియు ఉప్పదనము సోకని వాని నీటిని కడవలతో ముంచి పోయుటచేతనే తమ తమలపాకునకు చుట్టుపట్ల పదియూళ్ళలో లేని ఘాటును మెత్తదనమును గలిగెనని గ్రామవాసుల విశ్వాసము. ఇతర గ్రామములవారు ఈ మాట నొప్పుకొనరు. ఒప్పుకొనకపోయినను తమ యింటి శుభకార్యములకు ఆకులు మాత్రము ఇచటినుండియే కొనిపోవుదురు.

ఆ వేళకు నాంచారమ్మ దొరువుగట్టున తలారా స్నానము చేసి తడిజుట్టు ముడివైచి ఉతికిన చీర గట్టి వట్టికాళ్ళతో తన తోటవాకిట నిలిచి తాటాకుతడికను కన్నుల కద్దుకొని లోని కడుగిడెను. ఇరువదిరెండేండ్ల యువతి. చామనచాయ దేహము, గట్టి భుజములు, నవ్వు రాకమునుపే మెరయు కన్నులు ఆమె సొత్తు. ఆకుతోట యచటివారికి దేవాలయతుల్యము. స్నానము చేయనివారు దానిలో ప్రవేశింపరాదు. చెప్పులతో త్రొక్కరాదు. ఇంటికి దూరముగ నుండు మూడుదినములును స్త్రీలు తడిక దాటరాదు. ఆ దినములలో తోటపని యత్తగారి వంతు. ఈ నియమములను మీరినచో తీగ యలిగి యెండిపోవునని పెద్దలు చెప్పుదురు. తీగ యలుగునో లేదో గాని పెద్దలు మాత్రము తప్పక యలుగుదురు.

ఆమె భర్త రెండవ మహాయుద్ధమున పోరాడుటకు సముద్రములు దాటి పోయి అప్పటికి ఎనిమిది నెలలయ్యెను. ఇంతమాత్రము వినగనే చదువరులు తమ మనస్సున నొక విరహిణిని చిత్రించుకొనియుందురు. చందనపంకమును తామరాకుశయ్యయు చంద్రుని దూషించు దీర్ఘనిశ్వాసములును వారి కన్నుల గట్టియుండును. క్షమింపవలెను. నాంచారమ్మ రెండుపూటల కడుపునిండ భుజించుచుండెను. పండుకొనిన నిముసమున నిద్రించుచుండెను. చంద్రునితో నామెకు కలహము లేదు. తోటలో పనిచేయు వారికి పండుకొనువేళ చంద్రుడున్నాడో లేడో చూచు తీరిక యుండదు గదా! భర్తయం దామెకు గల ప్రేమ కొలత కందనిది. ఐనను ఆ ప్రేమ యామెను మంచము పట్టింపక ప్రతిదినము ప్రొద్దున లేపి తోటకు నడిపించుచుండెను.

భర్తపేరు భావనారాయణ. ఆమెకు మేనత్త కుమారుడు. చిన్ననాటినుండి బావా యని పిలిచిన చనవు పెండ్లితో మారలేదు. అతడు పుట్టుకతో ఎడమచేతివాటము గలవాడు. వీథిబడి యయ్యవారు ఆ చేతిపై ఎన్ని బెత్తములు విరిచినను అది తన పెత్తనమును కుడిచేతికి విడిచియీయలేదు. తమలపుతీగను అవిసెచెట్టుకు కట్టునప్పుడు ఎల్లరును జమ్ముగడ్డిపోచను కుడివైపునకు త్రిప్పి ముడివేయుదురు. భావనారాయణ యెడమవైపునకు త్రిప్పెడివాడు. తీగను నొక్కకయు జారనీకయు నిలుపు ఆ ముడిని చూచి తోటలవారందరు మెచ్చుకొనెడివారు. ఒకనాడు బాపట్లసంతలో ఆకుతట్టలు కట్టుచున్న యతని వ్రేళ్ళ నేర్పును పటాలమునకు జనులను చేర్చుకొనవచ్చిన యధికారి యొకడు కనిపెట్టి వంతెనలు కట్టు దళమునకు ఇట్టివాడే కావలెనని పేరు వ్రాసికొనెను. ఓడనెక్కి లోకము చూడవలెనను కోరిక బాల్యమునుండియు గల భావనారాయణ కాదనలేదు. తల్లి వారముదినము లేడ్చి ఎనిమిదవనాడు దారిలో తినుటకు సున్నియుండలు చేసెను.

ప్రయాణమైన నాటి యుదయమున అతడు తోటవాకిట నిలిచి తాను కట్టిన తీగలవంక చాలసేపు చూచెను.

"తోట జాగ్రత్త, నాంచారీ."

"నువ్వు వదిలినట్టే నీ చేతికి అప్పజెపుతా బావా. ఒక్క ఆకు తేడా వస్తే అడుగు."

కన్నీరు రాకుండుటకై గబగబ పలికిన మాట యది. అట్టి మాటలు పలికినవారు సాధారణముగ మరుదినమే మరచిపోవుదురు. నాంచారమ్మ మరువలేదు. మరువకపోవుటయే గాక దానిని అక్షరాలా చెల్లింపదలచెను. ఈ కథకు మూలమిదియే.

ఆమె దినచర్య నించుక వివరింతును. ఉదయము దొరువునుండి నీరు మోసి పాదులకు పోయుట. బొటనవ్రేలికి ఇనుపగోరు తొడిగికొని ముదిరిన యాకులను తొడిమతో గిల్లుట. వానిని తడిగుడ్డపై పరచి పెద్దవి పిన్నవి వేరుచేసి అరటియాకులు పరచిన తట్టలలో చుట్టుగా పేర్చుట. పనిచేయుచున్నంతసేపు ఆమె దూరదేశమందున్న భర్తతో మాటలాడుచుండెడిది. "బావా, ఈ పాదుకి ఇంకో కడవ పొయ్యనా?" యని యడిగి సమాధానము తానే చెప్పుకొనెడిది. ఆ సమాధానములలో భావనారాయణ ఎల్లప్పుడు ఆమెతో నేకీభవించెడివాడు. ఎదుట నున్న దినములలో అతడంత యనుకూలుడు కాడు.

అత్తగారు అంకమ్మ నాంచారమ్మ తండ్రికి అక్క. పండ్లన్నియు నూడిపోయినను తాంబూలము విడువలేక చిన్నరోటిలో ఆకును వక్కను దంచుకొని నోట వేసికొనుచు తోటతడికకడ కూర్చుండి దారినబోవు వారినందరిని పలుకరించుట యామె వ్యాపకము. కోడలిని ఆటపట్టించుట తాంబూలమువలెనే ఆమెకు నిత్యావసరము.

"మొగుడు యుద్ధానికి పోతే పెళ్ళాం చిక్కి సగమైపోద్దంటారు. నువ్వేందే, రోజురోజుకీ బొద్దుగా అవతన్నావు?"

"నీ కొడుకు వాటా కూడా నేనే తింటన్నా గదత్తా."

ఇట్లు నవ్వుకొనుచు అత్తాకోడండ్రు దినములు గడపుచుండిరి. నాంచారమ్మకు బెంగ లేదని గాదు. రెండునెలల కొకటి మూడునెలల కొకటి భర్త యుత్తరము వచ్చుచుండెను. ఎడమచేతి వ్రాతయగుటచే అక్షరములన్నియు వెనుకకు వాలియుండెడివి. మూడేండ్ల వీథిబడి చదువుతో ఆమె యా వాలుటక్షరములను కూడబలుకుకొని చదివి పది పర్యాయములు చదివినపిదప పదునొకండవమారు అత్తకు వినిపించెడిది. ఉత్తరము రావలసిన దినములు దాటినప్పుడు ఆమెకు అన్నము సయించెడిది కాదు. వచ్చిననాడు రెట్టింపు తినెడిది.

ఇక ముడుల సంగతి. జమ్ముపోచ యెంత గట్టిదైనను ఎండకు వానకు నిలిచి ఆరునెలలకన్న నెక్కువ మన్నదు. భావనారాయణ పోయిన కొలదికాలమునకే ఒక ముడి చివికి తెగి తీగ వ్రేలాడెను. నాంచారమ్మ దానిని తనకు చేతనైనట్లు కుడివైపునకు త్రిప్పి కట్టి రెండడుగులు వెనుకకు వైచి చూచెను. వరుసయంతటిలో అది పరాయి ముడివలె కనబడెను. వెంటనే విప్పివైచెను. పిదప నెలదినములు తీరికయైనప్పుడెల్ల మంచపుకాలికి జమ్ముపోచలు కట్టి విప్పి కట్టి యెడమచేతి ముడిని అభ్యసించెను. అంకమ్మ చూచి కడుపుబ్బ నవ్వెను. "నా కొడుక్కి ఆ వాటం మాన్పించటానికి నేను పదేళ్ళు పడ్డా గదే! నువ్వు కావాలని నేర్చుకుంటన్నావా?" యనెను. కోడలు నేర్చుకొనియే తీరెను. ఆనాటినుండి ఏ ముడి చివికినను ఆమె యదేచోట అదే యెత్తున అదే తీరున ఎడమచేతి ముడి వైచుచుండెను. చూచువారికి భావనారాయణ నిన్న కట్టి పోయినట్లే యుండెను. అందున కామెకు గర్వము.

అంతట ఫాల్గుణము వచ్చెను. తమలపుతీగ యొక్క స్వభావము తెలియనివారికి ఇచట నొకమాట చెప్పవలసియున్నది. తీగ యేడాదిలో మనిషి యెత్తును దాటి పైకి ప్రాకును. ప్రాకినకొలది దాని సత్తువ తగ్గును. అప్పుడు ముడులన్నియు విప్పి తీగను నేలకు దించి చుట్టలుగ చుట్టి తలమాత్రము పైకుంచి తక్కినదంతయు పాదులో పూడ్చి మన్ను కప్పుదురు. పూడ్చిన కణుపులనుండి క్రొత్తవ్రేళ్ళును క్రొత్తచిగుళ్ళును బుట్టి తోట మరల బాల్యము పొందును. దీనికే దింపు అని పేరు. దింపునాడు ఇరుగుపొరుగు తోటలవారు కూడివచ్చి సాయపడుదురు. కాని మొదటి ముడిని మాత్రము కట్టిన చేయియే విప్పవలెనని ఆచారము.

పొరుగుతోట యజమాని పిచ్చియ్య భావనారాయణకు పినతండ్రి వరుస. అరువదియేండ్లు తీగలతో మెలగి మనుష్యులతో మెత్తగ మాటలాడుట మరచినవాడు. ఐనను మనస్సు మెత్తనిది. అతడు తడికకడకు వచ్చి యడిగెను.

"దింపుకి ఎప్పుడు రమ్మంటావమ్మాయ్? ఈ పున్నమి దాటితే ఎండలు ముదురుతయ్యి."

"ఈ ఏడు దింపు లేదు చినమామా. కట్టిన చెయ్యి ఊళ్ళో లేదు. బావ వచ్చిందాకా ఆగుద్ది."

"నువ్వాగుతావు. తీగ ఆగదమ్మా."

"వదిలినట్టే అప్పజెపుతానని మాటిచ్చా."

ఆచారమును మాటయు నొకటై యెదురు నిలువగా పిచ్చియ్య తలగోకికొని మరలిపోయెను.

ఆ వత్సరము తీగలు అవిసెతలలను మించి పైకి పోయి ప్రాకుటకు చోటులేక క్రిందికి వ్రేలాడసాగెను. అరచేయి మేర నుండవలసిన యాకులు రెండువ్రేళ్ళ మేరకు కుదించుకొనిపోయెను. పాదులకడ తీగమొదళ్ళు కట్టెబారెను. ఆకులు కొనవచ్చినవారు తట్టను త్రిప్పి త్రిప్పి చూచి ఏమియు ననక ప్రక్కతోటకు పోవుచుండిరి. తిట్టినను ఇంత బాధ కలుగదు. అంకమ్మ దంచిన తాంబూలమును నోట నుంచుకొని ముఖము చిట్లించి, "గడ్డి నమిలినట్టుందే" యనెను. నాంచారమ్మ విననట్లు కడవ యెత్తుకొని పోయెను. ఎన్ని కడవలు పోసినను ఆకు పెరుగలేదు. ముడులు మాత్రము చక్కగ నుండెను.

ఆమె భర్తకు వ్రాయు ప్రతి జాబులోను "తోట నీవు వదిలినట్టే ఉంది" యను వాక్యముండెడిది. మొదటి యేడు అది సత్యము. రెండవయేట అది యసత్యమని యామెకును దెలియును. వ్రాయునపుడు చేయి క్షణకాలమాగెడిది. పిదప వ్రాసెడిది. తోట చచ్చిపోవుచున్నదని ఎక్కడో మంచుకొండలలో వంతెనలు కట్టుచున్నవానికి ఎట్లు వ్రాయగలదు?

రెండవ ఫాల్గుణమున పిచ్చియ్య మరల వచ్చెను. ఈమారు తడికకడ నిలువక స్నానము చేసివచ్చినవాడగుటచే లోనికి పోయి ఒక తీగమొదటిని వంగి నొక్కి చూచి లేచెను.

"ఈ ఏడు కూడా దించకపోతే వచ్చే ఏటికి అవిసెలు మిగుల్తయ్యి, తీగ మిగలదు. నీ మొగుడొచ్చి ఏం చూసుకుంటాడు? ముడులా?"

ఆ రాత్రి నాంచారమ్మకు మొట్టమొదటిమారు నిద్రపట్టలేదు. దించినచో మాట పోవును. దింపకున్నచో తోట పోవును. రెంటిలో దేనిని విడువవలెనో యామెకు బోధపడలేదు. పున్నమి వచ్చెను; పోయెను.

చైత్రమున ఒకనాటి మధ్యాహ్నము ఉత్తరము వచ్చెను. పైనున్న చిరునామా చూచుటతోడనే నాంచారమ్మ దానిని విప్పక త్రిప్పి త్రిప్పి చూచెను. వెనుకకు వాలిన వ్రాత కాదది. ఎవరిదో పరాయి వ్రాత. పటాలమునుండి పరాయిచేతి యుత్తరములు ఎందులకు వచ్చునో ఆ కాలమున ప్రతి సైనికుని యింటను దెలియును. అంకమ్మ రోలు ప్రక్కకు నెట్టి గోడ కానుకొని కూర్చుండెను. "చదువు" అనెను. నాంచారమ్మ విప్పి పసిబిడ్డలు దిద్దిన వానివలె వంకరటింకరగ నున్న యా పెద్దయక్షరములను పైకి చదువజొచ్చెను.

"నాంచారీ, ఈ రాత చూసి భయపడొద్దు. నేనే రాస్తన్నా, కుడిచేత్తో. వంతెన కడతా ఉంటే ఇనపతాడు తెగి ఎడమచేతి వేళ్ళు రెండు తీసుకుపోయింది. చూపుడువేలూ దాని పక్కదీ. ప్రాణానికి భయం లేదు, గాయం మానింది. ఇంటికి పంపుతామన్నారు. ఓడ దొరికేసరికి ఆరేడు నెలలు పట్టొచ్చు. నువ్వు ప్రతి ఉత్తరంలో తోట వదిలినట్టే ఉందని రాస్తావు. అది చదివినప్పుడల్లా ఈ మధ్య నాకు దిగులేస్తంది. నేను వదిలినట్టు లేను. అమ్మకి మెల్లగా చెప్పు."

చివరివాక్యము కూడ పైకే చదివినదని నాంచారమ్మ తెలిసికొనునప్పటికి ఆలస్యమయ్యెను. అంకమ్మ కొంగుతో కన్నులు తుడుచుకొని, "మెల్లగానే చెప్పావులే" యనెను. కొంతసేపటికి, "రెండువేళ్ళేగా పోయింది. ఇంకా ఎనిమిదున్నయ్యి. అన్నం కలుపుకుంటానికి అయిదు చాలు. మనిషి వస్తన్నాడు, అది చూడు" అనెను. అని మరల నేడ్చెను. నాంచారమ్మయు అత్త యొడిలో తలయుంచి వెక్కివెక్కి యేడ్చెను. అతడు బ్రతికియున్నాడను ఆనందమును ఆ చేయి పోయెనను దుఃఖమును ఆ యేడుపులో కలిసియుండెను. ఏది యెంతయో ఆమె విడదీయలేకపోయెను.

మరునాడు తెలవారినతోడనే స్నానము చేసి ఆమె తోటకు పోయెను. నీరు పోయలేదు, ఆకు కోయలేదు. ఇక నెన్నడును ఎడమచేతి ముడి వైవలేని తన బావ ఆరోగ్యముగ నున్ననాడు స్వయముగ కట్టిన ముడి నొక్కదానిని వెదకి కన్నులార చూచుకొనవలెనని ఆమె కోరిక. తూర్పువరుస యంతయు వెదకెను. ఇది నేను కట్టితిని. ఇది తొలకరిలో కట్టితిని. ఇది గాలివాన మరునాడు కట్టితిని. పడమటివరుసకు పోయెను. తోట మూలలకు పోయెను. నిచ్చెన వైచికొని పైముడులను గూడ చూచెను. ప్రతి ముడియు నామె యెరిగినదే. చివికినదాని నెల్ల తన చేతులతోనే మార్చి మార్చి ఏడాదిన్నరకాలమున ఆమె భర్తచేతి ముడి నొక్కదానిని గూడ మిగుల్చలేదు. తోటలో నున్న వన్నియు ఆమె ముడులే. భావనారాయణ విడిచిపోయిన తోట యెన్నడో జమ్ముపోచలతోపాటు మట్టిలో కలిసిపోయియుండెను.

ఆమె వరుసల నడిమి నీటికాలువలో చతికిలబడి మొదట నవ్వెను. పిదప కొంత యేడ్చెను. ముఖము కడుగుకొని లేచి కంచెకడకు పోయి పిలిచెను.

"చినమామా! దింపు ఎప్పుడు పెట్టుకుందాం?"

పిచ్చియ్య తలయెత్తి, "కట్టిన చెయ్యి వచ్చిందా?" యని యడిగెను.

"ఇక్కడే ఉంది. నేనే చూసుకోలా."

పిచ్చియ్యకు విషయము పూర్తిగ నర్థమయ్యెనో లేదో గాని అతడు మరియొక ప్రశ్న వేయలేదు. ఒక్కమాట మాత్రము చెప్పెను. "నెల ఆలస్యమైందమ్మాయ్. సగం బతికినా గొప్పే అనుకో."

మూడవనాడు దింపు జరిగెను. ఏడు తోటలవారు కూడివచ్చిరి. నాంచారమ్మ తూర్పుదిక్కునకు మ్రొక్కి బెల్లపుముక్క పాదులో నుంచి మొదటి ముడిని తన చేతులతో విప్పెను. తక్కినవారు తక్కినవి విప్పిరి. రెండేండ్ల తీగలు పట్టువిడిచి భుజములపైకి జారుచుండ వానిని నలుగనీయక చుట్టలు చుట్టి పాదులలో పరచి మన్నుకప్పిరి. అంకమ్మ మోకాళ్ళపై కూర్చుండి ప్రతి చుట్టపైనను గుప్పెడుమన్ను తానుగూడ వైచి, "పడుకోండమ్మా, పడుకుని లెగండి" యని పసిపిల్లలను జోకొట్టినట్లు తట్టెను. మధ్యాహ్నమునకు తోటలో పచ్చదనము లేదు. అవిసెమ్రాకులు మాత్రము వరుసగ నిలిచియుండెను. రెండేండ్లు కన్నులలో పెట్టుకొని కాచిన తోట చూచుచుండగనే మన్నయ్యెను. ఆ సాయంకాలము నాంచారమ్మ భర్తకు జాబు వ్రాసెను. చేయి ఎక్కడను ఆగలేదు.

"బావా, తోట నువ్వు వదిలినట్టు లేదు. ఏడాదిగా అబద్ధం రాశాను. దింపు ఆపి తోటని పాడుచేశాను. ఇయ్యాల దించేశాం. ఇప్పుడు తోటలో తీగ కనపడదు, అంతా మట్టిలో ఉంది. బతుకుద్దో లేదో తెలవదు. అది ఎట్టా ఉంటే అట్టా వచ్చి చూడు. నువ్వు ఎట్టా ఉంటే అట్టా రా."

పిదప ఎండలు వచ్చెను. దొరువులలో నీరు అడుగంటెను. నాంచారమ్మ ఉదయము నలువది కడవలును సాయంకాలము నలువది కడవలును మోసెను. పదిదినములు గడచెను, పాదులలో చలనము లేదు. పదునైదు దినములు గడచెను. అంకమ్మ తాంబూలము దంచుట మానెను. పిచ్చియ్య ప్రతిదినము కంచెకడ దగ్గి పోవుచుండెను. ఇరువదిమూడవనాటి యుదయమున నీరుపోయుచున్న నాంచారమ్మ చేతిలోని కడవ నట్లే దించెను. ఉత్తరపు కాలువగట్టున తడిమన్నును చీల్చుకొని ఎర్రని చిగురుమొన యొకటి పైకి వచ్చియుండెను. దానిప్రక్క మరియొకటి. ఆమె వేసిన కేక విని అంకమ్మ స్నానము చేయకయే తడికవరకు పరుగెత్తివచ్చి అచట ఆచారము జ్ఞాపకము రాగా ఆగి మెడ నిక్కించి చూచెను. మూడింట నొకవంతు పాదులు మాత్రము లేవలేదు. వానియందు పిచ్చియ్య తన తోటనుండి తీగముక్కలు తెచ్చి నాటెను. వానకాలము చక్కగ కలిసివచ్చెను. తీగ మోకాలినుండి నడుమునకును నడుమునుండి భుజమునకును లేచెను. ఆకు అరచేతిని మించెను. అంకమ్మ మరల రోలు ముందరపెట్టుకొని మొదటి తాంబూలము నోట వేసికొనగనే ఘాటుకు కన్నులనీరు పెట్టుకొని తృప్తిగ మూలిగెను. ఆ వానకాలముకన్న సుఖమైన కాలమును తానెరుగనని నాంచారమ్మ పిదప నెన్నోమారులు చెప్పుచుండెడిది. క్రొత్తతీగలను ఆమె తనకు సహజమైన కుడిచేతివాటముననే కట్టెను. చేతికి పని సులువయ్యెను.

కార్తికమాసమున ఒకనాటి అపరాహ్ణము. ఎండ మెత్తబడి అవిసెనీడలు కాలువల కడ్డముగ సాగుచుండెను. నాంచారమ్మ నిచ్చెన నాలుగవమెట్టుపై నిలిచి గాలికి వీడిన పొడవైన తీగను ఒకచేత బట్టి రెండవచేత జమ్ముపోచను వెదకుచుండ తడిక వెలుపలినుండి ఒక గొంతు వినబడెను.

"ఎవరి తోటమ్మా ఇది?"

ఆ గొంతు నామె యెరుగును. తల త్రిప్పిచూచెను. ఖాకీదుస్తులతో భుజమున సంచితో సన్నబడి నల్లబడి కణతలకడ వెండ్రుకలు నెరసి భావనారాయణ నిలిచియుండెను. ఎడమచేయి తువాలుక్రింద దాగియుండెను. అతని చూపు తీగవైపున లేదు. ఆమె ముఖమునే పరీక్షించుచుండెను. ఆమెకు నిచ్చెననుండి దూకి పరుగెత్తవలెననిపించెను. విడిచినచో తీగ మొదలంట జారి విరుగును.

"తీగ జారతంది బావా! వచ్చి పట్టుకో." అని ఊపిరి పీల్చుకొని, "ఆ బూట్లతో కాదు. విప్పి, కాళ్ళన్నా కడుక్కుని రా. తానం సంగతి తర్వాత" అనెను.

భావనారాయణ అచటనే నేలపై కూర్చుండెను. పటాలపు బూట్లు మోకాలి సగమువరకును వచ్చునవి. వానికి బారెడేసి త్రాళ్ళు. వానిని విప్పుటకు రెండుచేతులును కావలెను. అతడు తువాలును ప్రక్కనుంచెను. బొటనవ్రేలును చివరి రెండువ్రేళ్ళును మిగిలిన యా చేయి వెలుగులోనికి వచ్చెను. మొదటి ముడి జారిపోయెను. మరల పట్టెను. మరల జారెను. పోయి తాను విప్పవలెనని నాంచారమ్మ ప్రాణము కొట్టుకొనెను, పోలేదు. తీగ పట్టుకొనియున్న చేయి తిమ్మిరెక్కెను, కదల్పలేదు. చూపు మరల్చనులేదు. మెల్లమెల్లగ ఒక త్రాడు వీడెను. మరికొంతసేపటికి రెండవది వీడెను. అతడు బూట్లజతను తడిక వెలుపల నుంచి దొరువునీట కాళ్ళు కడుగుకొని లోనికి వచ్చి నిచ్చెనక్రింద నిలిచి అలవాటుచొప్పున నెడమచేయినే పైకి చాచి మూడువ్రేళ్ళతో తీగను పట్టెను. తీగ నిలిచెను.

ఆమె జమ్ముపోచను కుడివైపునకు త్రిప్పి ముడివైచెను.

"పట్టు బాగానే ఉంది" అనెను. ఆ మాటతో అంతవరకు నాపుకొనిన కన్నీరు బొటబొట నతని చేతిపై రాలెను. అతడును ఏడ్చుచుండెను. లోకమున ప్రేమించినవారి నెదురుచూచుటకు మనుజులు తొలినాటి రూపమును గుండెలో భద్రపరచుకొందురు. ఆ రూపము మారునేమో యని భయపడుదురు. మారినదానిని చేయిచాచి పట్టుకొనగలుగుటయే ఎదురుచూచుటకు ఫలము.

"రెండో తీగ అందుకో బావా" అని నాంచారమ్మ కొంగుతో ముఖము తుడుచుకొనెను.

కొంతసేపటికి కోడలిని అన్నమునకు పిలుచుటకై వచ్చిన అంకమ్మ తడికకడ నున్న బూట్లజతను చూచి ఆగిపోయెను. లోననుండి ఇరువురి మాటలును వినబడుచుండెను. పిలువబోయిన నోటిని కొంగుతో మూసికొనెను. కొడుకును చూచుటకు రెండేండ్లకు పైగ వేచినదానికి మరి రెండుతీగల సేపు వేచుట యెంత యనుకొని ఆ ముదుసలి యా బూట్ల ప్రక్కనే కూర్చుండి వానిపైనున్న ధూళిని కొంగుతో తుడువసాగెను.